అప్పగించలేని బాధ్యత

దేశ రాజధానిలోని ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో 2025 నవంబర్ 7వ తేదీన 800కు పైగా విమానాలు ఆలస్యంగా నడిచాయి. అందుకు పొగమంచు కారణం కాదు, సిబ్బంది సమ్మె అంతకంటే కాదు. విమానాల ప్రయాణ ప్రణాళికలను నియంత్రణాధికారులకు ఎప్పటికప్పుడు చేరవేసే కంప్యూటర్ సందేశ వ్యవస్థ మొరాయించడంతో, యంత్రం క్షణాలలో చేసిపెట్టే పనిని అధికారులు ఒక్కొక్క విమానానికీ చేతితో చేయవలసి వచ్చింది. విమానాశ్రయాల ప్రాధికార సంస్థ సిబ్బంది, హైదరాబాద్‌కు చెందిన ఇ.సి.ఐ.ఎల్. నిపుణులు కలసి వ్యవస్థను చక్కదిద్దారు. కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు నియంత్రణ కేంద్రాన్ని సందర్శించి, మూలకారణాన్ని లోతుగా పరిశీలించాలని, అదనపు సర్వర్లను సిద్ధం చేయాలని ఆదేశించారు. ఆదేశాలు సముచితమే. అయితే ఢిల్లీ, ముంబయి కేంద్రాలలోని ఆటోమేషన్ వ్యవస్థల పనితీరు మందగిస్తున్నదని నియంత్రణాధికారుల సంఘం అదే సంవత్సరం జూలైలో లేఖ రాసినట్లు వార్తలు వెలువడ్డాయి. ఆ లేఖలో ప్రస్తావించిన లోపాలకూ, నవంబర్‌లో ఆగిన వ్యవస్థకూ ఉన్న సంబంధం ఎంత అన్నది సాంకేతిక నిపుణులు తేల్చవలసిన విషయం. కింది నుంచి వచ్చే హెచ్చరిక ఎంత దూరం ప్రయాణిస్తుంది, ఎవరి బల్ల మీద ఆగిపోతుంది అన్నది మాత్రం యాజమాన్యాలు తేల్చుకోవలసిన విషయం.

ఇదే నగరంలో అంతకు మూడేళ్ల ముందు ఇంతకంటే తీవ్రమైన ఉదంతం జరిగింది. 2022 నవంబర్ 23వ తేదీ ఉదయం అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్)లో కంప్యూటర్లు స్తంభించాయి. ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవి కావాలంటే సొమ్ము చెల్లించాలని బెదిరించే రాన్సమ్‌వేర్ తరహా దాడి అది. ఐదు సర్వర్లు దెబ్బతిన్నాయని, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం చదవడానికి వీలులేని రూపంలోకి మారిపోయిందని, నెట్‌వర్క్‌ను సరైన రీతిలో భాగాలుగా విభజించకపోవడం లోపమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన రోగుల పేర్ల నమోదు మొదలు వైద్య పరీక్షల నివేదికల వరకు అన్నీ కాగితాల మీదికి మళ్లాయి. దాడి సోకని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలి ఉన్నందువల్ల సమాచారం తిరిగి దక్కింది. నమోదు, చేరిక, డిశ్చార్జి వంటి ముఖ్యమైన సేవలు గాడిన పడడానికి రెండు వారాలు పట్టింది. ఆ ఒక్క సర్వర్ కూడా దాడికి లోనై ఉంటే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించడమే కష్టం.

మూడవ ఉదంతానికి బీజం దేశం వెలుపల పడింది. 2024 జూలై 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 9.39 గంటలకు, అమెరికాకు చెందిన భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ తన ఖాతాదారుల కంప్యూటర్లకు లోపభూయిష్టమైన ఒక మార్పును పంపింది. దానివల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. క్రౌడ్‌స్ట్రైక్ 78 నిమిషాలలో తప్పును సరిదిద్దుకున్నప్పటికీ, అప్పటికే పడిపోయిన యంత్రాలను చాలాచోట్ల ఒక్కొక్కదాని ముందు మనిషి కూర్చుని బాగుచేయవలసి వచ్చింది. గురుగ్రామ్ కేంద్రంగా పనిచేసే ఇండిగో విమానయాన సంస్థ ఆ రోజు దాదాపు 200 విమానాలను రద్దు చేసుకున్నది. ఢిల్లీ విమానాశ్రయంలో విమానాల వివరాలను బోర్డు మీద చేతితో రాశారు. హైదరాబాద్ నుంచి బయలుదేరిన ప్రయాణికులకు చేతిరాతతో బోర్డింగ్ పాసులు అందాయి.

ఒకచోట వ్యవస్థ వైఫల్యం, ఒకచోట దుండగుల దాడి, మరొకచోట సరఫరాదారు పొరపాటు. మూడింటి కారణాలు వేరు. అయినా మూడింటినుంచీ తలెత్తే ప్రశ్న ఒక్కటే. ఇటువంటి రోజు వస్తుందని ముందుగా ఆలోచించవలసిన బాధ్యత సంస్థలో ఎవరిది? ఆ బాధ్యతకు తగిన అధికారం, నిధులు, మనుషులు వారికి ఉన్నాయా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలిగిన సంస్థలు ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాలలోనే కాదు, దేశంలో ఎక్కడైనా తక్కువే.

సంస్థల ఐ.టి. విభాగాల చరిత్రలోనే ఈ లోపానికి మూలం ఉంది. ఒకప్పుడు జీతాల పట్టీలు, జమాఖర్చుల పట్టికలు తయారుచేయడానికి ఇ.డి.పి. పేరుతో చిన్న విభాగాలు వెలిశాయి. అవి సాధారణంగా ఆర్థిక విభాగం అధిపతి కింద, లెక్కల శాఖకు అనుబంధంగా ఉండేవి. యంత్రం ఒకరోజు ఆగితే పట్టీలు ఒకరోజు ఆలస్యమయ్యేవి, అంతకుమించి నష్టం ఉండేది కాదు. కాలక్రమాన కొనుగోలు, ఉత్పత్తి, అమ్మకం, వసూలు, ఖాతాదారుని ఫిర్యాదు సహా సమస్తం కంప్యూటర్ల మీదికి ఎక్కాయి. సంస్థ చట్రంలో ఆ విభాగం స్థానం మాత్రం చాలాచోట్ల మునుపటిలాగే ఉండిపోయింది. కొత్త వ్యాపార నిర్ణయం తీసుకునేటప్పుడు దాని అధిపతిని పిలవరు. నిర్ణయం జరిగిన తరువాత ఫలానా తేదీకి సిద్ధం కావాలని కబురు పంపుతారు. ప్రింటర్ ఆగినా అతడే, కోట్ల రూపాయల లావాదేవీలు ఆగినా అతడే. మరమ్మతుల దుకాణానికీ, సంస్థ ప్రాణనాడికీ తేడా గుర్తించని పాలన ఇది.

ఐ.టి. విభాగం పనిలో అధిక భాగం కంటికి కనబడనిది. ఏ కంప్యూటర్ ఎక్కడ ఉన్నదో, దానిలో ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నదో జాబితా రాసి ఉంచడం, తయారీదారు పంపిన భద్రతా సవరణలను పరీక్షించి సకాలంలో అమర్చడం, ఉద్యోగం మానిన వ్యక్తి పాస్‌వర్డు ఆ రోజే రద్దు చేయడం, నిత్యం ప్రతులు తీసి వేరొక చోట భద్రపరచడం, ఆ ప్రతులు అవసరానికి నిజంగా తెరుచుకుంటాయో లేదో చూసుకోవడం ఇందులో ముఖ్యమైనవి. వీటిలో ఏ ఒక్కదానికీ ప్రారంభోత్సవం ఉండదు, రిబ్బను కత్తిరించడం ఉండదు. జరగని ప్రమాదాన్ని ఆపినందుకు ఎవరికీ దండలు వేయరు. అందువల్లనే బడ్జెట్ కోత పెట్టవలసి వచ్చినప్పుడు ముందుగా కత్తి పడేది ఈ పనుల మీదనే. కొత్త సాఫ్ట్‌వేర్ కొనడానికి చూపే ఉత్సాహంలో సగమైనా పాతదాని సంరక్షణకు చూపే యాజమాన్యాలు అరుదు. కట్టిన చెరువుకు ఏటా గండ్లు పూడ్చకపోతే ఏమవుతుందో తెలుగు రైతుకు చెప్పనవసరం లేదు.

ఒకే దెబ్బ తిన్న సంస్థలు కోలుకోవడంలో చూపిన తేడాయే ఈ విభాగం విలువకు కొలమానం. 2024 జూలై ఉదంతంలో అమెరికాలోని పెద్ద విమానయాన సంస్థలు పలు దెబ్బతిన్నాయి. కొన్ని ఒకటి రెండు రోజులలో కోలుకున్నాయి. డెల్టా సంస్థ మాత్రం సిబ్బందిని విమానాలకు కేటాయించే వ్యవస్థను తిరిగి గాడిన పెట్టలేక ఐదు రోజులలో సుమారు 7,000 విమానాలను రద్దు చేసుకున్నది. నష్టం దాదాపు 50 కోట్ల డాలర్లని దాని అధిపతి ప్రకటించారు. తప్పు సరఫరాదారుది కావచ్చును. కానీ తప్పు జరిగిన తరువాత గడచిన ప్రతి గంటకూ విలువ కట్టేది మాత్రం ఆ సంస్థ సొంత సన్నద్ధతే.

ఇంత కష్టమైన పనిని నిపుణులైన బయటి సంస్థకు అప్పగించరాదా అన్నది సహజమైన ప్రశ్న. అందుకు ఢిల్లీయే ఒక ప్రసిద్ధ ఉదాహరణ అందించింది. 2004 మార్చిలో భారతీ సంస్థ తన సమాచార సాంకేతిక వ్యవస్థల నిర్వహణ యావత్తునూ పదేళ్ల ఒప్పందం కింద ఐ.బి.ఎం.కు అప్పగించింది. ఒప్పందం విలువ సుమారు 75 కోట్ల డాలర్లని ఆనాడు అంచనా. నెట్‌వర్క్ నిర్వహణను అంతకుముందే ఎరిక్సన్ వంటి సంస్థలకు ఇచ్చింది. ఒక టెలిఫోన్ సంస్థ తన నెట్‌వర్క్‌నూ, కంప్యూటర్లనూ పరుల చేతిలో పెట్టడమేమిటని అనేకులు విస్తుపోయారు. అయితే ఆ ఒప్పందంలో ఒక మెలకువ ఉంది. ఐ.బి.ఎం.కు చెల్లింపును ఎయిర్‌టెల్ ఆదాయంతో ముడిపెట్టారు. యంత్రాలు ఎన్ని అమ్మామన్నది కాక, ఖాతాదారునికి సేవ ఎంత సాగిందన్నది సరఫరాదారుకు కూడా ముఖ్యమైంది. 2009 మే నాటికి ఎయిర్‌టెల్ ఖాతాదారుల సంఖ్య 10 కోట్లు దాటింది. ప్రపంచంలోని వాణిజ్య విద్యాలయాలలో ఈ ప్రయోగం పాఠ్యాంశమైంది. తరువాతి సంవత్సరాలలో, వ్యాపారమంతా సాఫ్ట్‌వేర్ చుట్టూ తిరగడం మొదలైన దశలో, అదే ఎయిర్‌టెల్ సొంత ఇంజనీర్ల బృందాలను పెంచుకుంటూ వచ్చింది. అప్పగించడం తప్పని దీని అర్థం కాదు. ఏది అప్పగించాలి, ఏది తన వద్ద ఉంచుకోవాలి అన్న లెక్కను కాలానుగుణంగా తిరగవేసుకోక తప్పదని అర్థం.

దీనికి భిన్నమైన దారిని రైల్వేలు ఎన్నుకున్నాయి. ఢిల్లీలో 1980వ దశకం మధ్యలో ప్రారంభమైన కంప్యూటర్ రిజర్వేషన్ విధానానికి తొలి సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వరంగ సంస్థ సి.ఎం.సి. రూపొందించింది. 1986లో రైల్వేలు తమ సొంత సంస్థగా రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రాన్ని (క్రిస్) ఢిల్లీలో నెలకొల్పాయి. ఆ కేంద్రం స్వయంగా తయారుచేసిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ 1994లో మొదటిసారిగా సికింద్రాబాద్‌లో అమలులోకి వచ్చింది. 1999 నాటికి దేశంలోని ప్రధాన రిజర్వేషన్ కేంద్రాలన్నీ ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యాయి. సికింద్రాబాద్ కౌంటర్‌లో నిలుచున్న ప్రయాణికుడు ఢిల్లీ నుంచి హౌరాకు టికెట్టు తీసుకునే వెసులుబాటు అలా వచ్చింది. తత్కాల్ వేళ వెబ్‌సైటు తెరుచుకోక విసిగిన ప్రయాణికులకు ఆ విధానంలోని లోపాలు తెలియనివి కావు. అయినా రైలు ఎలా నడుస్తుందో, కోటా ఎలా కేటాయిస్తారో తెలిసినవారూ, కంప్యూటర్ తెలిసినవారూ ఒకే కప్పు కింద దశాబ్దాల తరబడి కలసి పనిచేయడం వల్ల సమకూరిన పరిజ్ఞానం ఏ ఒప్పందంతోనూ కొనుక్కోగలిగినది కాదు.

ఈ రెండు దారులలో ఏది మేలు అన్న చర్చకు అంతం లేదు. రెండింటికీ ఉమ్మడిగా వర్తించే నియమం మాత్రం ఒకటున్నది. పనిని అప్పగించవచ్చు, బాధ్యతను అప్పగించలేరు. 2021 జూన్ 7న ఆదాయపు పన్ను శాఖ కొత్త వెబ్‌సైటు ప్రారంభమైంది. దానిని నిర్మించినది ఇన్ఫోసిస్. ఆరంభం నుంచే ఇబ్బందులు ఎదురుకావడంతో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఆ సంవత్సరం ఆగస్టులో ఇన్ఫోసిస్ అధిపతిని ఢిల్లీకి పిలిపించి, సెప్టెంబర్ 15లోగా సరిచేయాలని గడువు పెట్టారు. కాంట్రాక్టర్‌ను నిలదీయడం సబబే. కానీ రిటర్ను దాఖలు చేయలేకపోయిన పన్ను చెల్లింపుదారుడు అడిగినది బెంగుళూరును కాదు, ఢిల్లీని. ఏ సంస్థ గుమ్మం మీద ఖాతాదారుడు నిలబడతాడో, జవాబు చెప్పవలసినది ఆ సంస్థే.

ఈ నియమాన్ని బ్రిటన్ అక్షరాలా అమలు చేసింది. 2018 ఏప్రిల్‌లో అక్కడి టి.ఎస్.బి. బ్యాంకు తన ఖాతాలను కొత్త కంప్యూటర్ వ్యవస్థలోకి మార్చినప్పుడు లక్షలాది ఖాతాదారులు తమ సొమ్మును తాము చూసుకోలేకపోయారు. నియంత్రణ సంస్థలు 2022 డిసెంబర్‌లో బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. 2023 ఏప్రిల్‌లో, ఆనాటి ఐ.టి. అధిపతికి వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది. సరఫరాదారు సంస్థ నిజంగా సిద్ధంగా ఉన్నదా అన్నది సరిచూసుకునేందుకు ఆయన తగిన చర్యలు తీసుకోలేదన్నది అభియోగం. వారు సిద్ధమన్నారు కాబట్టి ముందుకు వెళ్లామన్న వాదన చెల్లలేదు. ఇంతటి వ్యక్తిగత జవాబుదారీతనాన్ని ఏ దేశమైనా కోరాలంటే, ఆ అధిపతికి ఆగండి అని చెప్పగల అధికారం కూడా ఇచ్చి తీరాలి. అధికారం ఒకరికి, నింద మరొకరికి అనే పద్ధతిలో న్యాయం ఉండదు.

భారతదేశంలో ఈ దిశగా స్పష్టమైన అడుగు వేసినది రిజర్వు బ్యాంకు. కోటక్ మహీంద్రా బ్యాంకు ఆన్‌లైన్, మొబైల్ మార్గాలలో కొత్త ఖాతాదారులను చేర్చుకోరాదని, కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వరాదని 2024 ఏప్రిల్ 24న ఆంక్షలు విధించింది. 2022, 2023 సంవత్సరాల తనిఖీలలో బయటపడిన లోపాలను సకాలంలో, సమగ్రంగా సరిచేయలేదన్నది కారణం. ఆ ఉత్తర్వులో పేర్కొన్న అంశాలు గమనించదగినవి. యంత్రాలు, సాఫ్ట్‌వేర్ల జాబితా నిర్వహణ, భద్రతా సవరణల అమరిక, ఎవరికి ఏ మేరకు ప్రవేశం ఉండాలన్న నియంత్రణ, సరఫరాదారుల నుంచి రాగల ముప్పు, సమాచారం బయటికి పొక్కకుండా జాగ్రత్తలు, విపత్తు వేళ పని సాగించే ఏర్పాట్లు, వాటి అభ్యాసాలు అందులో ఉన్నాయి. అన్నీ కంటికి కనబడని ఆ నిత్యకృత్యాలే! వాటి నిర్లక్ష్యం వ్యాపారాన్నే ఆపివేయగలదని డైరెక్టర్ల బోర్డులకు తెలిసివచ్చింది. లోపాలు సరిదిద్దుకున్న మీదట 2025 ఫిబ్రవరి 12న ఆంక్షలు తొలగిపోయాయి.

అంతకుముందే 2023 నవంబర్ 7న రిజర్వు బ్యాంకు జారీచేసి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన ఆదేశాలు ఈ విభాగం స్థానాన్ని చట్రంలో స్థిరపరిచాయి. బోర్డు స్థాయిలో ఐ.టి. వ్యూహ సంఘం ఉండాలి, అది కనీసం మూడు నెలలకొకసారి సమావేశం కావాలి, ఐ.టి. పరిజ్ఞానం గల స్వతంత్ర డైరెక్టరు దానికి అధ్యక్షత వహించాలి. సమాచార భద్రతాధికారి ఐ.టి. అధిపతి కింద పనిచేయరాదు, ఆయనకు వ్యాపార లక్ష్యాలు పెట్టరాదు. ఇల్లు కట్టే మేస్త్రీయే కట్టడాన్ని తనిఖీ చేసి బాగున్నదని ధ్రువపత్రం ఇచ్చుకోరాదన్న ఇంగితమే ఇందులోని సారాంశం. ఈ ఆదేశాలు బ్యాంకులకు, నిర్దిష్ట ఆర్థిక సంస్థలకు వర్తిస్తాయి. ఆసుపత్రులు, కర్మాగారాలు, విద్యాసంస్థలు, రవాణా సంస్థలు వీటి పరిధిలోకి రావు. అవి స్వచ్ఛందంగా ఇదే పద్ధతిని అవలంబించడానికి ఆజ్ఞ కోసం ఎదురుచూడనవసరం లేదు.

చట్టం కూడా బిగుస్తున్నది. సైబర్ దాడి సంగతి గమనించిన ఆరు గంటలలో తనకు తెలియజేయాలని, వ్యవస్థల నడక నమోదులను 180 రోజులు భద్రపరచాలని ఢిల్లీలోని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. వ్యక్తిగత సమాచార రక్షణ కోసం 2023లో పార్లమెంటు ఆమోదించిన చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించడానికి వీలు కల్పించింది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల వ్యవధి ఇచ్చారు. ఈ వ్యవధిని ఫైళ్లలో ప్రమాణపత్రాలు పేర్చడానికి వాడుకుంటారా, వ్యవస్థలను నిజంగా చక్కదిద్దడానికి వాడుకుంటారా అన్నది యాజమాన్యాల విజ్ఞత మీద ఆధారపడి ఉంటుంది.

ఆరు గంటల నిబంధన పాటించాలంటే కావలసినది కొత్త యంత్రం కాదు, భయం లేని వాతావరణం. రాత్రి రెండు గంటలకు సర్వర్ గదిలో ఏదో తేడాగా ఉన్నదని మొదట గమనించేది పాతికేళ్ల కుర్రవాడైన ఇంజనీరు. చాలా సందర్భాలలో అతడు కాంట్రాక్టు ఉద్యోగి. చెబితే తననే తప్పుపడతారేమోనన్న సంకోచం అతనికి, తెల్లవారేలోగా తామే సరిచేయగలమన్న ఆశ అతని పై అధికారికి, పెద్దల దాకా ఈ సంగతి ఎందుకన్న మొహమాటం ఆ పైవానికి. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలో తేలేసరికి ఆరు గంటలు గడచిపోతాయి. ఎయిమ్స్ ఉదంతంలో ఇద్దరు సిస్టమ్ అనలిస్టులను సస్పెండ్ చేసినట్లు ఆనాడు వార్తలు వచ్చాయి. వ్యక్తుల నిర్లక్ష్యం రుజువైతే శిక్షించవలసిందే. కానీ నెట్‌వర్క్‌ను విభాగాలుగా ఎలా అమర్చాలన్నది ఇద్దరు అనలిస్టుల స్థాయిలో జరిగే నిర్ణయం కాదు. ఏళ్ల తరబడి కేటాయించిన నిధులు, నియమించిన సిబ్బంది, వాయిదా వేసిన పనుల ఫలితం అది. కింది మెట్టు మీద ఉన్నవారిని శిక్షించి కథ ముగించే సంస్థలో, తరువాతి హెచ్చరిక నోరు దాటి బయటికి రాదు.

ఎయిమ్స్ ఆ దశలో ఆగిపోలేదన్నది కూడా చెప్పుకోవలసిన విషయం. 2023 జూన్ 6న మధ్యాహ్నం మరొక దాడి ప్రయత్నాన్ని అక్కడి భద్రతా వ్యవస్థలు గుర్తించి అడ్డుకున్నాయని ఆ సంస్థ అదే రోజు ప్రకటించింది. మొదటి దాడి వార్తను దేశమంతా రోజుల తరబడి చదివింది. రెండవది చాలామందికి గుర్తు కూడా లేదు. ఐ.టి. విభాగం విజయానికి లభించే ప్రచారం ఆ మాత్రమే.

ఇంతగా చెప్పిన మీదట ఐ.టి. విభాగాల సొంత లోపాలను దాచడం న్యాయం కాదు. వ్యాపారం చేసేవారికి అర్థంకాని పరిభాషలో మాట్లాడి తమ చుట్టూ గోడ కట్టుకునే అధిపతులు ఉన్నారు. అడిగిన ప్రతిదానికీ భద్రత పేరు చెప్పి కాదనడం, అవసరం లేకున్నా కొత్తది కొనిపించడం, అమ్మకందారు చెప్పిన మాటనే తమ మాటగా పైకి చేరవేయడం కొన్ని చోట్ల అలవాటుగా మారాయి. పదిహేనేళ్లుగా ఒకే వ్యక్తి బుర్రలో ఉన్న వివరాలను కాగితం మీద పెట్టించకపోవడం మరింత ప్రమాదం. ఆ వ్యక్తి సెలవు పెట్టిన రోజున సంస్థ మొత్తం సెలవులో ఉన్నట్లే. బోర్డు గదిలో స్థానం కోరే అధిపతి, నష్టభయాన్ని రూపాయలలో, రోజులలో, ఖాతాదారుల సంఖ్యలో వివరించడం నేర్చుకోవాలి. ఈ సర్వర్ ఆగితే ఎన్ని గంటలకు తిరిగి లేస్తుంది, ఆ గంటలలో ఏ పని ఆగుతుంది, ఆ వ్యవధిని సగానికి తగ్గించడానికి ఎంత ఖర్చవుతుంది అని చెప్పినప్పుడు వినని యాజమాన్యం ఉండదు. విన్న తరువాత ఖర్చు వద్దనే హక్కు యాజమాన్యానికి ఉన్నది. ఆ నిర్ణయం రాతపూర్వకంగా ఉండాలి, దాని ఫలితం కూడా యాజమాన్యానిదే కావాలి.

చిత్రమేమంటే ఈ విద్యలో ఢిల్లీ పరిసరాలకు కొరత లేదు. 1990వ దశకంలోనే జి.ఇ. వంటి విదేశీ సంస్థలు గురుగ్రామ్‌లో తమ కార్యాలయ పనుల కేంద్రాలు ప్రారంభించాయి. దేశంలో అటువంటి కేంద్రాలు 2024 నాటికి 1,700 దాటాయని, వాటిలో సుమారు 19 లక్షల మంది పనిచేస్తున్నారని నాస్కామ్, జిన్నోవ్ సంస్థల నివేదిక పేర్కొన్నది. బెంగుళూరు, హైదరాబాద్, ఢిల్లీ పరిసరాలు వాటికి ముఖ్య స్థావరాలు. తెలుగు జిల్లాల నుంచి వెళ్లిన వేలాది యువతీ యువకులు రాత్రిళ్లు మేలుకొని న్యూయార్క్, లండన్ సంస్థల కంప్యూటర్లకు కాపలా కాస్తున్నారు. ఏ వ్యవస్థ ఆగితే ఎన్ని నిమిషాలలో ఎవరికి చెప్పాలో వారికి కంఠతా వచ్చు. అదే క్రమశిక్షణను అదే వీధిలోని స్వదేశీ సంస్థ తనకోసం అమర్చుకోలేకపోవడానికి నైపుణ్యం కొరత కారణం అనలేము. అడిగే యజమాని లేకపోవడమే కారణం.

చిన్న సంస్థలకు, జిల్లా కేంద్రాలలోని ఆసుపత్రులకు ఇంతటి హంగులు సాధ్యమా అన్న సందేహం సహేతుకమైనదే. సమాచార భద్రతాధికారిని నియమించుకునే స్తోమత వాటికి ఉండకపోవచ్చును. కానీ ఖర్చు తక్కువైన కొన్ని అలవాట్లు ఎవరికైనా అందుబాటులో ఉన్నవే. వారానికొకసారి ముఖ్యమైన సమాచారం ప్రతిని నెట్‌వర్క్‌తో సంబంధం లేని చోట దాచడం, మూడు నెలలకొకసారి ఆ ప్రతిని తెరిచి చూడడం, ఆరు నెలలకొకసారి కంప్యూటర్లు ఆగిపోయాయని అనుకుని ఒక పూట కాగితం మీద పని నడిపి చూడడం, ఉద్యోగం మానినవారి ప్రవేశాన్ని అదే రోజు రద్దు చేయడం ఇటువంటివి. అగ్నిమాపక అభ్యాసం చేసే కర్మాగారాలకు ఇది కొత్త కాదు. ఎయిమ్స్‌ను ఆదుకున్నది కూడా చెక్కుచెదరకుండా మిగిలిన ఒక్క ప్రతియే.

పెద్ద సంస్థలు ఇంకొంత చేయవలసి ఉన్నది. ఐ.టి. అధిపతి నేరుగా ముఖ్య కార్యనిర్వహణాధికారికి జవాబుదారీ కావాలి. సంరక్షణకు కేటాయించిన నిధులను కొత్త కొనుగోళ్లకు మళ్లించకుండా వేరుగా చూపాలి. బయటి సంస్థకు పని అప్పగించినా, ఆ పనిని తూచి చూడగలిగిన మనుషులను లోపల ఉంచుకోవాలి. హెచ్చరించిన ఉద్యోగి లేఖకు నిర్ణీత గడువులో రాతపూర్వకమైన జవాబు రావాలి. ఏదైనా వ్యవస్థ ఆగినప్పుడు జరిపే విచారణ ఎవరు చేశారు అన్న ప్రశ్నతో కాక, ఎందుకు సాధ్యపడింది అన్న ప్రశ్నతో ఆరంభం కావాలి. ఆ విచారణ నివేదిక డైరెక్టర్ల బోర్డు బల్ల మీదికి చేరాలి. ప్రజలకు సేవలందించే సంస్థలైతే నివేదిక సారాంశాన్ని ప్రజల ముందు ఉంచాలి.

ఢిల్లీలో ఒక రోగి చీటీ పట్టుకుని రెండు వారాలు వరుసలో నిలబడిన సంగతి గాని, హైదరాబాద్ ప్రయాణికుడు చేతిరాత పాసుతో విమానం ఎక్కిన సంగతి గాని సాంకేతిక విషయాలని కొట్టివేయదగినవి కావు. అవి పాలనకు సంబంధించిన విషయాలు. యంత్రం ఎప్పుడో ఒకప్పుడు ఆగకమానదు, దుండగుడు ప్రయత్నం మానడు, సరఫరాదారు పొరపాటు చేయకమానడు. ఆ రోజుకు సంస్థ సిద్ధంగా ఉన్నదా లేదా అన్నది మాత్రం ముందు రోజులలో తీసుకున్న నిర్ణయాల మీదనే ఆధారపడి ఉంటుంది. ఇల్లు కాలుతుండగా బావి తవ్వడం ఎంత వ్యర్థమో సంస్థల అధిపతులకు తెలియనిది కాదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న పెద్దల మాట సర్వర్ గదికి కూడా వర్తిస్తుంది.